పేరు కోసం ఆడిన ఆట

మస్తానమ్మ నా చదరంగం క్లాసుకు మొదటిసారి వచ్చిన రోజు ఒక మనిషిని కొట్టి వచ్చింది. కుడిచేతి మణికట్టు మీద ఎవరివో పళ్ళ గాట్లు ఉన్నాయి. జాకెట్టు భుజం దగ్గర చిరిగింది. చంకలో ఖాళీ చేపల తట్ట. నాయుడుపేటలో మా చర్చి వెనక పాత బడి వరండాలో శనివారం సాయంత్రాలు నేను పిల్లలకు ఆట నేర్పుతాను. పిల్లలంటే డాక్టర్ల పిల్లలు, రైసుమిల్లుల వాళ్ళ పిల్లలు. చేపల వాసనకు వాళ్ళ తల్లులు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఆమె అదేమీ పట్టించుకోకుండా ఖాళీ బల్ల ముందు కూర్చుంది.

"నాతో ఎవురాడతారు సార్?" అంది.

"ముందు ఆ చెయ్యేందో చెప్పు," అన్నాను.

"ఆటోవాడు సార్. నీ తట్ట కంపు అని రోడ్డు మీదకి ఇసిరేసినాడు. చెంప మీద ఒకటిచ్చినా. మొగోడై ఉండి కరిచినాడు. అప్పుడు ఇంకో రెండిచ్చినా."

ఆమె నాకు అక్కడికక్కడే నచ్చింది. నాకూ కోపం ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళు డ్రిల్లు మాస్టరుగా చేశాను. ఈ ఊళ్ళో నలభై దాటిన మగవాళ్ళలో సగం మంది వీపులకు సంజీవరావు సారు చెయ్యి తెలుసు. ఇప్పుడు కొట్టకూడదంటున్నారు కాబట్టి చదరంగం నేర్పుతున్నాను. నా శిష్యుల్లో బాగా ఆడేవాణ్ణి తెచ్చి ఆమె ఎదుట కూర్చోబెట్టాను. ఇరవై ఎత్తులు తిరగకుండానే వాడి రాజు మూలన చచ్చాడు. వాడి తల్లి ఈవిడ ఏదో మాయ చేసిందని గొణిగింది. మాయ మీవాడి బుర్రలో ఉందమ్మా అని చెప్పి పంపేశాను. మరుసటి వారం నుంచి ఆ పిల్లవాడు రాలేదు, నాకేం నష్టం లేదు.

ఆమె ఆట వింతగా ఉండేది. తెల్లబలం వస్తే మధ్య బంట్లను ముట్టుకోదు. రాజు పక్కనున్న శకటు ముందరి బంటును రెండు గళ్ళు తోస్తుంది. తర్వాత అవతలి వైపు గుర్రం ముందరి బంటును ఒక గడి జరిపి, ఆ సందులోకి రెండో శకటును దించి, బోర్డు ఈ మూల నుంచి ఆ మూలకు గురి పెడుతుంది. తప్పనిసరైతేనే మధ్య బంటును ఒక్క గడి కదుపుతుంది. నడిమి గళ్ళు పట్టుకోవాలన్నది నేను అందరికీ చెప్పే మొదటి పాఠం. ఆమెకూ చెప్పాను. ఇటు విని అటు వదిలేసింది.

"ఎందుకమ్మా నీకా మొండితనం?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"మా బోర్డులో ఆ రెండు బంట్లూ లేవు సార్. తెల్లవాటిలో పోయినాయి. వాటి బదులు గవ్వలు పెట్టుకునేది. కదిపితే గాలికి దొర్లిపోయేవి. అందుకని పక్కల నుంచి ఆడేది అలవాటైపోయింది."

ఆ బోర్డు సునామీ బోర్డు. ఆ యేడు ఆమెకు పదేళ్ళు. తీరంలో ఎండుచేపలు తిరగేస్తున్న తల్లిని నీళ్ళు తీసుకుపోయాయి. మూడో రోజు తుమ్మకంపలో శవం దొరికింది. వాళ్ళ ఊరు ముత్యాలపాళెం, పక్క ఊరు తిప్పమెట్ట, రెండింటి జనాన్నీ తెచ్చి ఒకే బడిలో నాలుగు నెలలు ఉంచారు. ఎవరో దాతలు పంపిన పెట్టెల్లో బిస్కెట్ల కింద ఈ బోర్డు దొరికింది. ఎక్కడినుంచో వచ్చిన ఒక కాలేజీ అబ్బాయి వారం రోజులుండి ముగ్గురు పిల్లలకు ఆట నేర్పి వెళ్ళాడు. ఒకరు మస్తానమ్మ. ఒకడు వాళ్ళ ఊరి పెంచల్. మూడోవాడు తిప్పమెట్ట పోలేరయ్య, వాళ్ళకంటే రెండేళ్ళు పెద్ద. ఎప్పుడూ పోలేరయ్యే గెలిచేవాడు. ఎప్పుడూ పెంచల్ ఓడేవాడు.

"ఓడినా నవ్వేవోడు సార్ మా ఆయన. నేనైతే బోర్డు తన్నేసేదాన్ని. ఆ నవ్వు చూసే చేసుకున్నా," అని చెప్పింది మస్తానమ్మ. చెబుతూ గుర్రం బొమ్మ మెడను వేళ్ళతో నులుముతూ ఉంది.

ఆ పెంచల్‌ను మూడేళ్ళ కిందట పులికాట్ నీళ్ళలో చంపేశారు.

ఆ రెండు ఊళ్ళకూ సరస్సులో వంతులుంటాయి. ఏ రోజు ఏ ఊరివాళ్ళు ఎక్కడ వలలు కట్టాలో పెద్దలు చీటీలు వేసి తేలుస్తారు. రొయ్య బాగా పడే కార్తీకంలో ఒక తెల్లవారి ముత్యాలపాళెం వంతు నీళ్ళలో తిప్పమెట్ట వలలు కనిపించాయి. పొరపాటో పొగరో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఇరవై పడవలు ఇటునుంచి, ఇరవై పడవలు అటునుంచి వచ్చాయి. మొలలోతు నీళ్ళు. తెడ్లతో, గెడలతో, వల కట్టే గుంజలతో కొట్టుకున్నారు. ఒకడి చెవి తెగి నీళ్ళలో పడింది. రెండు పడవల మధ్య నలిగి ఒకడి చేతివేళ్ళు నాలుగూ పచ్చడయ్యాయి. అరగంటలో అంతా అయిపోయింది. పెంచల్‌ను ఒడ్డుకు తెచ్చినప్పుడు తల ఎడమవైపు పుర్రె లోపలికి దిగబడి ఉందట. ఆమె ఆ గుంటలో తన అరచెయ్యి పెట్టి చూసిందట. సరిగ్గా పట్టిందని నాతో చెప్పింది.

మధ్యాహ్నానికల్లా ముత్యాలపాళెం జనం తిప్పమెట్ట మీద పడ్డారు. మస్తానమ్మ కిరసనాయిలు డబ్బాతో ముందు వరసలో ఉంది. "రెండు పడవలు నేనే అంటించినా సార్. అడ్డమొచ్చిన ముసలోణ్ణి గెడతో మోకాళ్ళ మీద కొట్టినా. ఆయనకేం పాపం తెలీదు. ఐనా కొట్టినా." దాచుకోవడం ఆమెకు చేతకాదు. ఆ ముసలాయన ఇప్పటికీ కుంటుతున్నాడని కూడా ఆమే చెప్పింది.

పోలీసులు గుర్తుతెలియని నూట ఇరవై మంది మీద కేసు రాసుకున్నారు. సాక్షి ఒక్కడూ దొరకలేదు. దొరకడు. ఆ తీరంలో ఒక కట్టుబాటు ఉంది, తాతల నాటిది. ఊళ్ళు కొట్టుకుంటే దెబ్బ ఊరిది. మనిషిది కాదు. ఎవడి చెయ్యి తగిలిందో, ఎవడి తెడ్డు విరిగిందో చెప్పకూడదు. నెల తర్వాత రెండు ఊళ్ళ పెద్దలూ మధ్యలో ఉన్న ఇసుకతిప్ప మీద కూర్చుని రాజీ చేసుకున్నారు. పడవల్లో ఉన్న మగవాళ్ళంతా వరసగా వచ్చి, వెలుగుతున్న కర్పూరం ముందు సరస్సు నీళ్ళలో చెయ్యి ముంచి, చచ్చినవాణ్ణి కొట్టినవాడి పేరు నోటితో పలకబోమని ఒట్టు వేశారు. రెండు ఊళ్ళవాళ్ళూ వేశారు. ముత్యాలపాళెం పెద్ద కామాక్షయ్య ఆమెను కూర్చోబెట్టి మెత్తగానే చెప్పాడట.

"అమ్మే, పేరు తెలిస్తే నువ్వూరుకోవు. నువ్వూరుకోకపోతే వాళ్ళూ ఊరుకోరు. ఇంకో నలుగురు పోతారు. పేరు లేకపోతే పగ ఉండదు. ఊరు కొట్టింది అనుకో, నోరు మూసుకో."

"మామా, నా మొగుణ్ణి ఊరు కొట్టలా. ఒక చెయ్యి కొట్టింది. ఆ చేతికి పేరుంటది," అంది మస్తానమ్మ.

కామాక్షయ్య మాటలో తప్పు పట్టలేను. ఆ రాజీ వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో నాకు తెలుసు. కానీ మూడేళ్ళు ఒక ఆడమనిషి తన మొగుడి తలలో గుంట ఎవరు చేశారో తెలియకుండా, బజారులో కనిపించిన ప్రతి తిప్పమెట్ట మగవాడి చేతులూ చూస్తూ బతికితే అది బతుకు కాదు. ఆమె ఊరుకోలేదు. సంతలో, బస్టాండులో, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఆ ఊరివాళ్ళకు అడ్డం నిలబడి "ఎవురు?" అని అడిగేది. నాలుగు నెలలు చూసి సొంత ఊరే ఆమెను వెలి వేసింది. ఎవరూ మాట్లాడరు, నీళ్ళు పట్టుకోనివ్వరు, అమ్మడానికి చేప ఇవ్వరు. వదినే ఆమె బట్టల మూట తెచ్చి రోడ్డు మీద పెట్టిందట. వదిన జుట్టు పట్టుకుని ఈడ్చి నాలుగు తగిలించి, ఆ మూటతోనే నాయుడుపేట వచ్చేసింది. వాకాడు వైపు పడవల దగ్గర చేపలు తీసుకుని వీధి వీధి తిరిగి అమ్ముతూ రాజగోపాలపురం మలుపులో ఒక గదిలో ఉండేది. శనివారాలు నా వరండాకు వచ్చేది.

పోయిన ఆగస్టులో ఒక కల్యాణమండపంలో మేం పోటీ పెట్టాం. పెద్దా చిన్నా ఎవరైనా ఆడవచ్చు. ఎనభై ఆరుమంది వచ్చారు. ఆరు ఆటలు. నేనే న్యాయనిర్ణేతను. పేర్లు రాసుకునే బల్ల దగ్గర మందపాటి మణికట్లున్న ఒక మనిషి వచ్చి ఫారం ఇచ్చాడు. పోలేరయ్య, తిప్పమెట్ట. నా పెన్ను ఆగింది. అతని పేరు రాసుకున్నాను.

ఐదు ఆటలు అయ్యేసరికి ఇద్దరూ నాలుగున్నర మార్కులతో పైన ఉన్నారు. ఆఖరి ఆటకు మొదటి బల్ల మీద వాళ్ళిద్దరికే జత పడింది. తెల్లబలం మస్తానమ్మకు వచ్చింది. భోజనాల దగ్గర సంగతి విని నా భార్య ఎలిశబెతు కంచం పక్కన పెట్టేసింది.

"జత మార్చండి. ఎవరికీ తెలీదు," అంది.

"నిబంధన ఒప్పుకోదు," అన్నాను.

"మీ నిబంధనను తగలెయ్య. వాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఏమవుతుందో మీకు తెలియదా?"

తెలుసు. నిబంధన అంటే నాకు పిచ్చి, అది నిజమే. కానీ అసలు నిజం వేరే ఉంది. ఆ ఆట చూడాలని నాకే ఉంది. ఈ మాట ఇప్పటిదాకా ఎలిశబెతుతో కూడా చెప్పలేదు.

ఆటకు ముందు ఇద్దరూ చెయ్యి కలపాలి. పోలేరయ్య చెయ్యి చాచాడు. ఆమె తన చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"పోలేరయ్యా, ఆ పొద్దు నువ్వు పడవలో ఉండావు. ఎవురో నీకు తెలుసు," అంది. "ఈ సారు ముందర చెప్తా ఉండా. నేను గెలిస్తే పేరు చెప్పాల. ఓడితే ఇంక ఈ జన్మకు ఎవుర్నీ అడగను. ఊరికి పోయి పెద్దల కాళ్ళు పట్టుకుంటా."

అతను బోర్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"నోటితో చెప్పనని ఒట్టేసినా మస్తానా."

"నోటితో వద్దు. నీ చేతిలో పెన్నుండాది గదా. రాయి."

ఎత్తులు రాసుకోవడానికి మేమిచ్చే కాగితం ఇద్దరి ముందూ ఉంది. అతను దానివైపు చూశాడు. "నువ్వు నా మీద ఎప్పుడు గెలిచినావమ్మే?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. కాగితం దగ్గరికి లాక్కుని "సరే, ఆడు," అన్నాడు.

నేను అక్కడే ఆపాల్సింది. గడియారం నొక్కేదాకా మాట్లాడుకోవచ్చులే అని ఊరుకున్నాను.

ఆమె రాజు వైపు శకటు ముందరి బంటును రెండు గళ్ళు తోసింది. రెండో ఎత్తు, మూడో ఎత్తు అయ్యాయి. ఆమె గుర్రం ముందరి బంటును జరిపినప్పుడు అతని పెదవులు కదిలాయి. "ఇంకా గవ్వలు కదపవా," అన్నాడు. మాట్లాడవద్దని వేలు చూపించాను.

పోలేరయ్య పద్ధతిగా ఆడేవాడు. మధ్యలో బంట్లు నిలబెట్టి, రాజును కుడిమూల ఏనుగు చాటున దాచి, మంత్రిని అవతలి వైపు పంపాడు. నేనైనా అలాగే ఆడతాను. ఆమె మాత్రం తన రెండు శకట్లనూ పక్కపక్క ఏటవాలు గీతల మీద నిలిపి, రెండింటినీ ఆ మూలనున్న రాజు వైపే తిప్పింది. తర్వాత గుర్రాన్ని తిన్నగా తీసుకెళ్ళి రాజు కాపలా గుర్రం నోటి ముందు పెట్టింది. అతను కొట్టాడు. తప్పేం లేదు, ఆమె మంత్రి దాన్ని తిరిగి కొడుతుందనుకున్నాడు. ఆమె మంత్రిని కదపలేదు. శకటును ఎత్తి నేరుగా రాజు ముందరి బంటును కొట్టి, అక్కడే రాజుకు ఆనించి పెట్టింది. చెక్. బొమ్మ పెట్టిన చప్పుడుకు పక్క బల్లల వాళ్ళు తల తిప్పారు.

రాజు బయటికొచ్చి శకటును కొట్టాడు. ఇప్పుడు మంత్రి గుర్రాన్ని కొట్టి మళ్ళీ చెక్ అంది. రాజు తన గూటికి పరిగెత్తాడు. అక్కడ ఆమె రెండో శకటు వచ్చి గూటి ముందున్న ఇంకో బంటును కొట్టి కూర్చుంది. దాన్నీ చంపుకోమని ఇస్తోంది. పోలేరయ్య తలెత్తి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. తొమ్మిది నిమిషాలు ఆలోచించాడు. నాకు కనిపించిందే అతనికీ కనిపించింది. కొడితే చావు, కొట్టకపోయినా చావే. కొట్టాడు. ఎంత విసురుగా కొట్టాడంటే ఆ శకటు బల్ల మీద నుంచి ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

మంత్రి పక్క నుంచి చెక్ అంది. రాజు బోర్డు గట్టుకు పారిపోయాడు. ఆమె ఏనుగు రెండు గళ్ళు పైకెక్కి, అడ్డంగా వచ్చి గట్టును మూసేసింది. అడ్డం పెట్టడానికి అతనికి ఒక్క శకటు దొరికింది. ఏనుగు దాన్నీ నరికి అక్కడే నిలబడింది. ఆట అయిపోయింది. అంత తేటగా నరికిన ఆట నా జీవితంలో నేను చూడలేదు. చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

అతని గడియారంలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. తలుపు అతని వెనకే ఉంది. అతను లేవలేదు. పెన్ను తీసి, కాగితం మీద ఆఖరి ఎత్తు కింద ఖాళీ గడిలో ఒక్క మాట రాసి, ఆమె వైపు తిప్పాడు.

"నేను."

ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ఆ ఒక్క మాట చదవడానికి చాలాసేపు పట్టింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పక్కింటావిడను కూర ఏం వండావని అడిగినట్టు అడిగింది.

"దేంతో?"

"తెడ్డు," అని రాశాడు.

"ఎన్ని దెబ్బలు?"

"ఒకటి."

"నిన్ను చూసినాడా?"

"చూసినాడు."

"ఏమన్నా అన్నాడా?"

పెన్ను కాగితం మీద ఆనించాడు. సిరా చుక్క పెద్దదయింది. చివరికి రాశాడు. నిలబడి ఉన్న నాకు తలకిందులుగానే తెలిసింది. "'పోలేరా, నేనురా, పెంచల్‌ని' అన్నాడు."

"ఆ మాట కొట్టినాకనా, ముందా?"

అతను మండపమంతా కలియజూశాడు. పిల్లలు ఇంకా ఆడుతున్నారు, గడియారాలు టకటకమంటున్నాయి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి రాశాడు.

"ముందు. ఆ మాట అని తెడ్డు దించేసినాడు. నేను దించలా."

ఆమె తట్ట కాళ్ళ దగ్గరే ఉంది. అందులో చేపలు కోసే కత్తి ఎప్పుడూ ఉంటుందని నాకు తెలుసు, అందరికీ తెలుసు. తీయడం నేను చూడలేదు. దిగడం చూశాను. పెన్ను పట్టుకున్న చేతి వెనక నుంచి దిగి, అరచేతిని చీల్చి, కింది బోర్డు చెక్కలో ఇరుక్కుంది. ఆమె లేచి నిలబడి ఒళ్ళంతా బరువు పెట్టి నొక్కింది. ఎముక పటుక్కుమనడం వినిపించింది. పోలేరయ్య కేక వేయలేదు. గొంతులో గురగురమని ఒక శబ్దం వచ్చింది. రెండో చెయ్యి అడ్డం పెట్టలేదు, లేవలేదు. నల్లబొమ్మలూ తెల్లబొమ్మలూ రక్తంలో దొర్లాయి.

"ఈ చెయ్యి," అంది ఆమె. కత్తి ఊడబెరికి రెండోసారి మెడకు ఎత్తింది.

నేను ఆమె మీద పడ్డాను. కత్తి నా అరచేతిని కోసుకుంటూ పోయి అతని భుజంలో దిగింది. మూడోసారి ఎత్తబోతుంటే చెంప మీద కొట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ పిల్లవాణ్ణీ అంత బలంగా కొట్టలేదు. ఆమె పెదవి చిట్లింది, కత్తి జారిపోయింది. అప్పుడు మండపమంతా ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. తల్లులు పిల్లలను ఎత్తుకుని తలుపుల వైపు తొక్కుకుంటూ పరిగెత్తారు. ఎలిశబెతు తన చీర కొంగు చించి పోలేరయ్య చేతికి కట్టింది. అంత రక్తంలోనూ నాకేసి చూసిన చూపు నేను మరిచిపోలేను. జత మార్చమని చెప్పిన మనిషి చూపు అది.

మస్తానమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పోలీసులు వచ్చేదాకా కదల్లేదు.

పోలేరయ్య బతికాడు. మూడు వేళ్ళు ముడుచుకోవు. తెడ్డు పట్టలేడు. గెలుపు రద్దు చేయాలని పోటీ పెట్టినవాళ్ళలో ఒకాయన నాతో వాదించాడు. ఆట అయిపోయాక జరిగింది పోలీసుల పని, ఆట నా పని అని చెప్పి, ఆమె పేరు ఎదురుగా ఒకటి, అతని పేరు ఎదురుగా సున్నా వేసి సంతకం పెట్టాను.

నాలుగో రోజు రెండు ఊళ్ళ పెద్దలూ కలిసి మా ఇంటికి వచ్చారు. మూడేళ్ళలో వాళ్ళు కలిసి ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదలట. ఆ కాగితం కావాలన్నారు. కామాక్షయ్య మర్యాదగానే అడిగాడు.

"అది బయటపడితే మళ్ళీ తగలబడతాయి సార్ ఊళ్ళు. మీరు చదువుకున్నోళ్ళు. చించేయండి."

నేను మాట్లాడకపోయేసరికి వెనకున్న ఒక కుర్రవాడు నా కాలరు పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. ముందు పన్ను ఒకటి ఊడి నోట్లో పడింది. ఎలిశబెతు వంటింట్లోంచి రోకలితో వచ్చి వాడి మోచేతి మీద వేసింది. వాడు కిందపడి మెలికలు తిరుగుతుంటే అప్పుడు చెప్పాను, కాగితం పొద్దున్నే ఎస్సైకి ఇచ్చేశానని. ఆ మాట ముందే చెప్పి పన్ను దక్కించుకోవచ్చు. అడిగిన తీరు నాకు నచ్చలేదు.

ఆ కాగితం మీద పాత కేసు మళ్ళీ తెరిచారు. ఆసుపత్రి మంచం మీదే పోలేరయ్య ఆ రాత తనదే అని ఒప్పుకున్నాడు. కామాక్షయ్య భయపడినట్టు ఊళ్ళు తగలబడలేదు. ఇంతవరకు తగలబడలేదు అనడం సరైన మాట. తిప్పమెట్టవాళ్ళు పోలేరయ్యను వెలి వేశారు, ఒట్టు తప్పినందుకు. చంపినందుకు కాదు.

నవంబరులో నేను నెల్లూరు జైలుకు వెళ్ళి మస్తానమ్మను చూశాను. వలలాంటి కంచెకు అటువైపు నిలబడింది. పెదవి మీద నేను చేసిన మచ్చ అలాగే ఉంది. కొట్టినందుకు క్షమించమన్నాను. "మీరు కొట్టకపోతే వాడు పోయేవోడు సార్," అంది, అంతే. బెయిలు సంగతి, లాయరు సంగతి, పాత కేసు సంగతి నేను చెబుతూ పోయాను. ఆమె వినడం లేదు.

"సార్, ఆ కాయితంలో ఆఖరున ఏం రాసినాడో మళ్ళీ చెప్పండి. సరిగ్గా."

చెప్పాను. మాట పొల్లుపోకుండా చెప్పాను.

ఆమె కంచెను రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ పొద్దు తెడ్డు చేతికిచ్చి పంపింది నేనే సార్. ఆయన పోనన్నాడు. నీకు మొగతనం లేదా అని తిట్టి పంపినా. ఎవురెదురొచ్చినా దించొద్దని చెప్పినా. పెళ్ళైన కాడి నుంచి నా మాట జవదాటలా ఆ మనిషి. ఆ ఒక్కటే వినలా. పోలేరయ్యను చూసి దించేసినాడు."

టైం అయిందని వార్డెన్ వచ్చింది. మస్తానమ్మ కంచె వదలలేదు. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.